హ్యూమిడార్‌లో పురుగు పడితే: విజయవాడ, గుంటూరు ఎండలకు సరిపడే పద్ధతి

సిగార్ పై ఆకు మీద గుండ్రటి సన్న బెజ్జం. సరిగ్గా దాని కిందే, పెట్టె అడుగున, గోధుమరంగు పొడి. వేళ్ల మధ్య నలిపితే ముక్కుపొడి వాసన. ఈ రెండూ ఒకేచోట కనబడితే హ్యూమిడార్‌లో, అంటే సిగార్లను తేమ తగ్గకుండా దాచే పెట్టెలో, పెంకు పురుగు పడినట్టే. ఆ బెజ్జం పురుగు లోపలికి పోయిన దారి కాదు, పని ముగించుకుని బయటికొచ్చిన దారి. అంటే లోపల గుడ్డు పొదిగింది, పిల్లపురుగు వారాల తరబడి ఆకు తింటూ సొరంగాలు తవ్వింది, గూడు కట్టుకుంది, రెక్కలొచ్చాక పైకి తొలుచుకుని వచ్చింది. ఇంత జరిగాక మనకు తెలిసింది. అందుకే ఒక్క బెజ్జం కనబడ్డా మొత్తం పెట్టెను అనుమానించాలి.

విజయవాడ, గుంటూరుల్లో సిగార్లు దాచుకునేవాళ్లు తక్కువే గానీ ఉన్నారు. అమెరికా నుంచి వచ్చిన బావమరిది తెచ్చినవి, డ్యూటీఫ్రీలో కొన్నవి, ఎవరో కానుకగా ఇచ్చిన పెట్టె. వీళ్లకు దొరికే సలహాలన్నీ దాదాపుగా చల్లటి దేశాలవాళ్లు రాసినవే. 'గది ఉష్ణోగ్రతలో ఉంచండి' అని వాళ్లు రాస్తే అది 20 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో రాత్రి పదింటికి కూడా గదిలో 34 ఉంటుంది. కాబట్టి ఇక్కడి లెక్కలతోనే చెప్పుకుందాం. పొగాకు ఏ రూపంలో తీసుకున్నా ఒంటికి చేటేనన్న సంగతి అందరికీ తెలుసు కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ గుర్తుచేయను.

మొదటి అడుగు: ఏ పురుగో తేల్చుకోండి

మందు జబ్బును బట్టి ఉంటుంది. చిన్న పురుగులన్నీ ఒకటే అనుకుని సిగార్లన్నిటినీ ఫ్రీజర్‌లో పడేస్తే కొన్నిసార్లు అనవసరపు శ్రమ, కొన్నిసార్లు అసలు సమస్య అలాగే ఉండిపోతుంది.

ఒక తెల్ల కాగితం, టార్చిలైటు, భూతద్దం దగ్గర పెట్టుకోండి. సిగార్‌ను వెలిగించే కొస కిందికి ఉండేలా పట్టుకుని కాగితం మీద మెల్లగా తట్టండి. పెట్టె మూలల్లో ఉన్న పొడిని కూడా కుంచెతో కాగితం మీదికి తీయండి. ఐదు నిమిషాలు కదపకుండా చూడండి.

రాలినది రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుతో, ఎర్రటి గోధుమరంగులో, వీపు గూనిగా, తల కిందికి వంచుకుని ఉంటే అది పొగాకు పెంకు పురుగు, సిగరెట్ బీటిల్ అంటారు. పైనుంచి చూస్తే తల కనబడదు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తుంది, అందుకే ఆ ఐదు నిమిషాలు. దీని పిల్లపురుగు తెల్లగా, ఒళ్లంతా నూగుతో, సగం చుట్టలా వంగి, నాలుగు మిల్లీమీటర్లకు మించకుండా ఉంటుంది. గుడ్డు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటితో వెతికి లాభం లేదు. శాస్త్రీయ నామం లాసియోడెర్మా సెర్రికార్నె, కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ 1792లో నమోదు చేశాడు. పురుగు మాత్రం అంతకన్నా చాలా పాతది. ఈజిప్టులో ప్రాచీన రాజు టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన పదార్థాల్లోనూ దీని అవశేషాలు కనబడ్డాయి. అంటే సిగార్ పుట్టకముందే ఇది ఎండు దినుసులు తిని బతకడం నేర్చుకుంది.

దీనికి అచ్చం తమ్ముడిలా ఉండే ఇంకో పెంకు పురుగు ఉంది, డ్రగ్‌స్టోర్ బీటిల్. భూతద్దంలో దాని రెక్కల మీద నిలువు గీతలు కనబడతాయి, మీసాల చివర మూడు కణుపులు లావుగా ఉంటాయి. పొగాకు పురుగుకు రెక్కలు నున్నగా, మీసాలు రంపపు పళ్లలా ఉంటాయి. చికిత్స ఇద్దరికీ ఒకటే, తేడా తేలకపోయినా నష్టం లేదు.

రాలినది ఒక మిల్లీమీటరు ఉండి, లేత రంగులో, రెక్కల్లేకుండా, కాగితం మీద చకచకా పరుగెత్తి ఆగుతూ మళ్లీ పరుగెత్తితే అది పెంకు పురుగు కాదు. పాత పుస్తకాల్లో కనబడే బుక్‌లైస్. పొడి తనంతట తాను నెమ్మదిగా కదులుతున్నట్టుంటే మైట్స్, నల్లి జాతి. ఈ రెండూ ప్రధానంగా బూజు మీద బతికేవి, సిగార్‌ను తొలిచేవి కావు. వీటికి వేరే దారి ఉంది, కింద చెబుతాను.

సాలెగూడు లాంటి దారాలు కనబడితే చిమ్మెట జాతి. బియ్యం, రవ్వ డబ్బాల్లో కట్టే గూళ్ల లాంటివే. హ్యూమిడార్లలో ఇది అరుదు, పెంకు పురుగుకు చేసే చికిత్సే దీనికీ చాలు. పొలంలో రైతుల్ని ఏడిపించే పొగాకు లద్దె పురుగు మాత్రం వీటిలో ఏదీ కాదు. దానికి పచ్చి ఆకు కావాలి, పెట్టె జోలికి రాదు.

మన దగ్గరే ఎందుకింత

పొగాకు పెంకు పురుగు 18 డిగ్రీల కింద ఎదగదు. 20 దాటాక మెల్లగా కదులుతుంది. 30 డిగ్రీలు, 70 శాతం తేమ దానికి అన్నిటికన్నా ఇష్టం. ఇప్పుడు హ్యూమిడార్ పుస్తకాలు చెప్పే తేమ ఎంత? దాదాపు అదే, 65 నుంచి 70. ఉష్ణోగ్రత సంగతి మన ఊరు చూసుకుంటుంది. ఏసీ లేని గదిలో మార్చి నుంచి అక్టోబరు దాకా ఆ పెట్టెలో పురుగుకు అత్తారింట్లో అల్లుడి మర్యాదలే.

ఆ వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా నెల, నెలన్నర పడుతుంది. ఒక్కో ఆడ పురుగు వంద దాకా గుడ్లు పెట్టగలదు. పెద్ద పురుగు బతికేది కొద్ది వారాలే, అదీ పెద్దగా ఏమీ తినకుండా. తిండి, నష్టం అంతా పిల్లపురుగుదే. ఏప్రిల్‌లో ఒక సిగార్‌లో మొదలైతే ఆగస్టుకల్లా పెట్టె మొత్తం ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక రెండో కారణం చాలామందికి తట్టదు. పురుగు సిగార్‌తోనే దేశాలు దాటి వచ్చిందని అనుకుంటారు. కానీ పెద్ద కంపెనీలు చాలావరకు ఎగుమతికి ముందే సిగార్లను గడ్డకట్టించి పంపిస్తాయి. మన ఇంట్లోని పురుగు మన ఇంటిదే కావచ్చు. దీనికి పొగాకొక్కటే కాదు, ఎండు మిరప, కారం, పసుపు, ధనియాలు, శొంఠి, ఎండు పండ్లు, కుక్కకు వేసే గింజల తిండి, పాత పుస్తకాల అట్టల్లోని జిగురు అన్నీ ఇష్టమే. ఆ జాబితా చదువుతుంటే గుంటూరు జిల్లా సరుకుల పట్టీలా లేదూ! ఒకవైపు మిర్చి యార్డు, ఇంకోవైపు దుగ్గిరాల పసుపు, మరోవైపు పొగాకు. 1920ల నుంచీ ఇక్కడి నల్లరేగడిలో వర్జీనియా పొగాకు పండుతోంది, 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం కూడా గుంటూరులోనే. దినుసులున్న చోట దినుసుల పురుగూ ఉంటుంది.

పసుపు వ్యాపారంలో తల పండిన ఒక పెద్దాయనకు ఓసారి అగ్గిపెట్టెలో వేసిన పురుగును చూపించి, "బాబాయ్, ఇది సిగార్‌లో దొరికింది, ఎక్కడిదంటారు?" అని అడిగితే, కళ్లజోడు పైకి నెట్టి ఒక్క క్షణం చూసి నవ్వాడు. "దీన్ని చూపించడానికి ఇంత దూరం వచ్చావంట్రా! ఇది మా పసుపు పురుగే. మీ ఇంట్లో పసుపు డబ్బా చూసుకున్నావా ముందు?"

ఈ వ్యాసం మొత్తానికి ఆధారం ఆ ప్రశ్నే. పెట్టెను మాత్రమే బాగుచేసి వంటింటిని వదిలేస్తే వచ్చే వేసవికి మళ్లీ మొదలు.

కనబడిన రోజు

ఆలస్యం చేయకుండా సిగార్లన్నిటినీ బయటికి తీయండి. ఒక్కోదాన్ని వెలుతురులో తిప్పి చూసి మూడు కుప్పలు చేయండి: బెజ్జాలున్నవి, బెజ్జం లేకపోయినా వాటి పక్కన ఉన్నవి, దూరంగా ఉండి శుభ్రంగా కనబడేవి. మూడో కుప్పను చూసి ధైర్యపడొద్దు, దాన్నీ గడ్డకట్టించాల్సిందే. కుప్పలు చేయడం కేవలం వేర్వేరు సంచుల్లో పెట్టడానికి.

పలుచటి పారదర్శక కాగితంలో చుట్టి వచ్చిన సిగార్లకు ఆ కాగితం తీయకండి. అది పురుగును పూర్తిగా ఆపదు, కొరుక్కుని పోగలదు, కానీ కొంత అడ్డు. పైగా గడ్డకట్టించేటప్పుడు పై ఆకుకు రక్షణ.

ఇదంతా సాయంత్రం లైటు కింద చేయకండి. పెద్ద పురుగులు ఎగురుతాయి, సాయంత్రం నుంచే చురుగ్గా ఉంటాయి. పగలు, తలుపు మూసిన గదిలో, ఫ్యాను ఆపి, కింద తెల్ల దుప్పటి పరచుకుని చేయండి. కనబడిన పురుగును సబ్బు నీళ్లలో వేస్తే సరి.

గడ్డకట్టించడం

అసలు చికిత్స ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. గుడ్డు, పిల్ల, గూడు, పెద్ద పురుగు నాలుగు దశలూ ఒకేసారి చావాలంటే ఇంట్లో చేయదగిన నమ్మకమైన మార్గం చలి ఒక్కటే. అయితే ఏ చలి అన్నదే ప్రశ్న.

గుంటూరులో ఎవరికైనా మొదట తట్టేది కోల్డ్ స్టోరేజీ. మిర్చి బస్తాలకు పనికొస్తున్నప్పుడు సిగార్లకు పనికిరాదా అని. ఆ గదుల్లో చలి నీరు గడ్డకట్టే స్థాయికి కాస్త పైనే ఉంటుంది. అక్కడ పురుగు ఎదగడం ఆపేస్తుంది, వెంటనే చావదు. పిల్లపురుగులు వారాల తరబడి ముడుచుకుని బతికి, వేడి తగలగానే మళ్లీ తినడం మొదలుపెడతాయి. ఇంట్లో ఫ్రిజ్ కింది అరలు కూడా అంతే.

కావాల్సింది మైనస్ 18 నుంచి మైనస్ 20. ఇక్కడ ఫ్రిజ్ రకం చూసుకోవాలి. చాలా సింగిల్ డోర్ ఫ్రిజ్‌ల ఐసు అర ఆ స్థాయికి దిగదు. డబుల్ డోర్ ఫ్రీజర్లు సాధారణంగా దిగుతాయి. ఐస్‌క్రీమ్ దుకాణాల్లో వాడే పెట్టె ఫ్రీజర్ అయితే నిశ్చింత. ఊహించుకోవడం కన్నా కనిష్ఠం, గరిష్ఠం గుర్తుంచుకునే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని ఒక రోజంతా ఫ్రీజర్‌లో ఉంచి చూడండి. గరిష్ఠం మైనస్ 15 కన్నా పైకి పోతుంటే ఆ ఫ్రీజర్‌ను నమ్మొద్దు. తెలిసినవాళ్ల ఫ్రీజర్ అడగండి.

పద్ధతి ఇది. సంచిలో వేసేముందు, పెట్టెలో తేమ నిలపడానికి ఉంచే తేమ ప్యాకెట్లు, స్పాంజిలు అన్నీ తీసేయండి. సిగార్లు మరీ తడిగా ఉంటే, అంటే వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతుంటే, రెండు మూడు రోజులు 62 శాతం తేమ దగ్గర ఉంచి అప్పుడు మొదలుపెట్టండి. తడి సిగార్ గడ్డకడితే పై ఆకు చిట్లుతుంది. తర్వాత జిప్ సంచిలో ఒక వరసలో పేర్చి, గాలి మెల్లగా నొక్కి తీసి మూయండి. ఆ సంచిని ఇంకో జిప్ సంచిలో పెట్టండి. రెండు సంచులు ఎందుకంటే, లోపలి తేమ ఫ్రీజర్ పొడి గాలికి పోకూడదు, ఫ్రీజర్‌లోని చేపల వాసన సిగార్‌కు పట్టకూడదు. సిగార్ల వాసన రేపటి ఇడ్లీ పిండికి పట్టకూడదన్నది ఇంట్లోవాళ్ల వైపు నుంచి కారణం, అదీ న్యాయమైనదే.

సంచి మీద పెద్ద అక్షరాలతో 'పొగాకు, తినేది కాదు' అని రాసి తేదీ వేయండి. నికోటిన్ పిల్లలకు విషం. పిల్లలున్న ఇంట్లో సంచిని మూత ఉన్న డబ్బాలో పెట్టి మరీ ఫ్రీజర్‌లో ఉంచండి.

ముందు ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు. తర్వాత ఫ్రీజర్‌లో కనీసం మూడు రోజులు అని చాలామంది చెబుతారు. ఇంటి ఫ్రీజర్‌కు నేను వారం చెబుతాను. మన ఫ్రీజర్ తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో, కరెంటు ఎప్పుడు పోతుందో మన చేతుల్లో లేదు. సంచి మధ్యలో ఉన్న సిగార్ లోపలి దాకా చలి చేరడానికీ సమయం కావాలి. వారం మధ్యలో కరెంటు గంటల తరబడి పోయి థర్మామీటర్ గరిష్ఠం బాగా పైకి చూపిస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి పెట్టుకోండి.

బయటికి తీయడంలోనే ఎక్కువ సిగార్లు పాడవుతాయి. ఫ్రీజర్ నుంచి నేరుగా బయటికి తీసి సంచి విప్పితే కృష్ణ ఒడ్డు గాలిలోని తేమంతా చల్లటి ఆకు మీద నీటిబొట్లుగా కూర్చుంటుంది. పై ఆకు ఉబ్బి చీలుతుంది, ఆ తడికి రెండు రోజుల్లో బూజు. కాబట్టి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరకు ఒక రోజు. అక్కడి నుంచి గదిలోకి ఇంకో రోజు, సంచి విప్పకుండా. సంచి బయటి వైపు పట్టిన చెమ్మ పూర్తిగా ఆరాకే విప్పండి. ఇక్కడ తొందర పనికిరాదు.

గడ్డకట్టిస్తే రుచి పోతుందంటారు కొందరు. అమ్మకానికి వచ్చే సిగార్లలో చాలావాటిని ముందే గడ్డకట్టించి పంపుతున్నారని పైన చెప్పాను కదా. జాగ్రత్తగా చేస్తే రుచి గురించి దిగులు అక్కర్లేదు.

పెట్టె సంగతి

సిగార్లు ఫ్రీజర్‌లో ఉండగా హ్యూమిడార్‌ను ఖాళీ చేయండి. అరలు, అడ్డుపలకలు, అడుగున గుడ్డ ఉంటే అదీ విప్పండి. చిన్న వాక్యూమ్ క్లీనర్ సన్న మూతితో మూలలు, బందుల సందులు, అతుకులు లాగండి. లాగిన దుమ్మును కవరులో కట్టి అదే రోజు బయట పారేయండి. డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి, నీడలో ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టండి. ఎండలో పెడితే చెక్క వంగుతుంది, మూత మళ్లీ సరిగ్గా మూసుకోదు.

లోపలి చెక్క స్పానిష్ సీడార్ కాబట్టి పురుగు రాదని అమ్మేవాళ్లు చెబుతారు. దాని వాసన బాగుంటుంది, బూజును కొంత తట్టుకుంటుంది. పొగాకు పురుగును మాత్రం ఆపదు. పిల్లపురుగు గూడు కట్టుకోవడానికి ఆ చెక్క సందులోకే దూరగలదు.

అందుకే పెట్టెను వెంటనే నింపకండి. లోపల తెల్ల కాగితం పరచి, తేమ ప్యాకెట్లు లేకుండా, మూత పెట్టి రెండు నెలలు ఖాళీగా ఉంచండి. తినడానికి ఏమీ లేదు, పెద్ద పురుగు ఆయుష్షు అంతకన్నా తక్కువ. సందుల్లో ఏదైనా మిగిలి బయటికొస్తే కాగితం మీద కనబడుతుంది. ఆ రెండు నెలలూ సిగార్లు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, ఒక 65 శాతం తేమ ప్యాకెట్‌తో హాయిగా ఉంటాయి. నిజం చెప్పాలంటే మన వాతావరణానికి ఆ రెండు వందల రూపాయల డబ్బాయే చెక్క పెట్టె కన్నా మెరుగు. చూడ్డానికి బాగుండదు, అంతే.

వంటింటి సోదా

ఇంటి పెద్దావిడను ఒప్పించి చేయాల్సిన పని ఇది, కాబట్టి పండగ ముందు దులుపుడు రోజున పెట్టుకోండి. కారం, పసుపు, ధనియాలు, శొంఠి డబ్బాలను ఒక్కొక్కటిగా తెల్ల పళ్లెంలో పోసి చూడండి. కారంలో ఉండలు కట్టి, ఆ ఉండల్లో చిన్న సొరంగాలుంటే అది అదే పురుగు. పసుపు కొమ్ముల మీద సన్న బెజ్జాలు, చేత్తో విరిస్తే లోపల పొడి, అదీ అంతే. కిస్‌మిస్, ఎండు ఖర్జూరం, మూడేళ్లుగా ఎవరూ తీయని కషాయం పొడులు, అలంకరణకు పెట్టిన ఎండు పూలగుత్తులు కూడా వదలకండి. నూనె పోసిన ఆవకాయ జాడీకి దీని భయం లేదు.

పురుగు పట్టినవి పారేయడమే. బాగున్నవాటిని చిన్న సంచులుగా చేసి సిగార్లకు చేసినట్టే ఫ్రీజర్‌లో వారం ఉంచి, తర్వాత బిగుతు మూత గాజుసీసాల్లోకి మార్చండి. మన ఇళ్లలో ఏడాదికి సరిపడా కారం ఒకేసారి పట్టించే అలవాటు ఉంది. మానమని ఎవరం చెప్పగలం? నెలకు కావాల్సింది మాత్రమే బయట ఉంచి మిగతాది ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పురుగుకు చోటు ఉండదు, రంగూ నిలుస్తుంది.

ఈ పురుగు కోసమే ఫెరమోన్ జిగురు ఎరలు దొరుకుతాయి. ఆడ పురుగు వాసనను పోలిన రసాయనంతో మగవాటిని రప్పిస్తాయి. వాటితో పురుగు నిర్మూలన అవుతుందని ఆశపడకండి, ఇంట్లో పురుగు ఉందో లేదో చెప్పే కొలమానం మాత్రమే. ఎర వంటింట్లో పెట్టండి, హ్యూమిడార్ పక్కన కాదు. పక్కన పెడితే లేని పురుగును పిలిచి పీట వేసినట్టవుతుంది.

ఎవరు చెప్పినా చేయకూడనివి

గోదాముల్లో ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు, సెల్ఫాస్ లాంటివి, 'ఒక్కటి పెట్టెలో వేస్తే చాలు' అని సలహా ఇచ్చేవాళ్లు మన ప్రాంతంలో తప్పకుండా తగులుతారు. గాలిలోని తేమ తగలగానే అవి ఫాస్ఫీన్ అనే విషవాయువు విడుదల చేస్తాయి. మూసిన గదిలో మనుషుల్ని చంపుతుంది. శిక్షణ ఉన్నవాళ్లు గోదాముల్లో వాడాల్సిన మందు అది, ఇంట్లోకి రానే కూడదు. దాన్ని తట్టుకునే పొగాకు పురుగులు ఇప్పటికే ఉన్నాయి కూడా.

కలరా ఉండలు, కర్పూరం, బొద్దింకల స్ప్రే, లవంగాలు వద్దు. పొగాకు ఏ వాసననైనా పీల్చుకుంటుంది, ఆ తర్వాత దాన్ని మీరే పీల్చాలి. బియ్యం డబ్బాలో వేసినట్టు వేపాకు వేస్తే దాని పచ్చిదనానికి బూజు వస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే పురుగు సంగతేమో గానీ సిగార్ అప్పడమవుతుంది.

తెల్ల పురుగులైతే

బుక్‌లైస్, మైట్స్ కనబడ్డాయంటే మీ పెట్టెలో తేమ ఎక్కువైందని, ఎక్కడో బూజు మొదలైందని అర్థం. బుక్‌లైస్‌లో ఇళ్లలో ఎక్కువగా కనబడే జాతికి మగవి అక్కర్లేకుండానే పిల్లలవుతాయి, ఒక్కటి మిగిలినా చాలు. కానీ గాలిలో తేమ 60 శాతం కిందికి పోతే అవి ఒంట్లో నీరు నిలుపుకోలేవు, వారాల్లో ఎండి చస్తాయి. మైట్స్ కూడా పొడి గాలిలో నిలవలేవు.

సిగార్లను మెత్తటి కుంచెతో దులిపి, బూజు పట్టినవాటిని వేరు చేసి, శుభ్రం చేసిన డబ్బాలో 58 శాతం దగ్గర మూడు నాలుగు వారాలు ఉంచండి. సిగార్లకు అది కాస్త పొడిగానే అనిపిస్తుంది, తర్వాత మెల్లగా 62, 65కి తెచ్చుకోవచ్చు.

అయితే మీ హైగ్రోమీటర్, అంటే తేమ కొలిచే మీటరు, నిజం చెబుతోందా? చవక మీటర్లు పది శాతం దాకా తప్పు చూపిస్తాయి. పరీక్ష తేలిక. సీసా మూతలో వంటింటి ఉప్పు వేసి, నీళ్లు కొన్ని చుక్కలు వేసి, కరిగిపోకుండా తడి ముద్దలా చేయండి. మూతను, మీటరును ఒకే జిప్ సంచిలో పెట్టి మూసి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి 75 చూపించాలి. 81 చూపిస్తే మీ మీటరు ఆరు ఎక్కువ చెబుతోంది, ఆ తేడా తీసేసి చదువుకోండి.

మళ్లీ రాకుండా

చలే మందు అన్నాం కదా, నివారణకూ అదే. పెట్టె లోపల 18 నుంచి 20 మధ్య ఉంచగలిగితే పురుగు ఉన్నా ఎదగడం దాదాపు ఆగిపోతుంది. చిన్న వైన్ కూలర్లు కొందామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. చవకైనవి థర్మోఎలక్ట్రిక్ రకం, గది వేడి కన్నా కొన్ని డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. గదిలో 40 ఉంటే వాటివల్ల కాదు. కంప్రెసర్ ఉన్నదే కొనండి. అది కొనే ఉద్దేశం లేకపోతే రోజూ ఏసీ వేసుకునే పడకగదిలో, బయటి గోడకు తగలకుండా, మంచం కింద పెట్టె ఉంచడం రెండో మార్గం. అక్కడ పగలు వేడెక్కుతుంది గనక డబ్బాను చేపలవాళ్లు వాడే థర్మాకోల్ పెట్టెలో పెడితే ఒడిదొడుకులు తగ్గుతాయి. మే నెలలో కరెంటు ఎక్కువసేపు పోయేలా ఉంటే ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి ఆ థర్మాకోల్ పెట్టెలో, డబ్బాకు తగలకుండా పెట్టండి.

వానాకాలంలో బయటే 80 శాతం తేమ ఉన్నప్పుడు పెట్టెలో నీళ్లు పోయాల్సిన పనే లేదు. తేమను ఇచ్చీ పుచ్చుకునే రకం ప్యాకెట్లు వాడండి, 65వి మన ఊరికి సరి. 72వి కొనకండి, ఎంత తక్కువకు వచ్చినా.

కొత్తగా వచ్చిన సిగార్ ఏదైనా, ఎంత పేరున్నదైనా, నేరుగా పాతవాటిలో కలపొద్దు. వేరే డబ్బాలో ఆరు వారాలు చూడండి, లేదా వచ్చీరాగానే ఫ్రీజర్ దారి పట్టించండి. గోదావరి లంక పొగాకు చుట్టలు ఇష్టపడి తెచ్చుకునేవాళ్లు చాలామందే. వాటి రుచి వాటిది, వాటికి వేరే డబ్బా పెట్టండి. దుకాణంలో తాడుకు కట్టి వేలాడదీసిన చుట్టను ఎవరూ గడ్డకట్టించి అమ్మరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి, చలికాలంలో నెలకోసారి టార్చి పట్టుకుని మూలలు చూడండి.

బెజ్జాలు పడ్డ సిగార్లు

ఒకటి రెండు బెజ్జాలుంటే, గడ్డకట్టించాక, పాడైన సిగార్ నుంచి తీసిన పై ఆకు ముక్కను పండ్ల నుంచి తీసే, వాసన లేని పెక్టిన్ జిగురుతో అతికించి వాడుకోవచ్చు. అంతకన్నా ఎక్కువుంటే గాలి పక్కదారుల్లోంచి పోతుంది, వెలిగించినా ఒకవైపే కాలుతుంది, పారేయడమే నయం. అవీ ఫ్రీజర్‌లో వారం ఉన్నాకే చెత్తలోకి వెళ్లాలి, లేకపోతే చెత్తబుట్ట నుంచి వంటింటికి ఎంత దూరం గనక. ఎరువుగా పనికొస్తుందని మిద్దె తోటలో మాత్రం వేయకండి. ఎండిన పొగాకులో కూడా టొబాకో మొజాయిక్ వైరస్ బతికుంటుంది, టమోటాకు, మిరపకు అంటుకుంటుంది. సిగార్లు పట్టుకున్న చేతుల్ని సబ్బుతో కడుక్కున్నాకే మిరప మొక్కల దగ్గరికి వెళ్లండి.